గాల్లో బిగించిన బోల్టులు

ముసలామె నోయెలీన్ పాత కారు ముందు చక్రాల దగ్గర మళ్లీ టకటకలాడుతోంది. మూడు నెలల క్రితం అక్కడ కుదుపులు ఆపే రబ్బరు బుష్‌లు మార్చిన రోజే మెకానిక్ మెర్వ్, "మట్టిరోడ్డు మీద గుర్రప్పందేలాడితే ఇనుమైనా ఆగదు పెద్దమ్మా!" అని చార్లెవిల్ ఊరి పబ్బులో పదిమంది ముందు ఎద్దేవా చేశాడు.

ఇప్పుడు మెర్వ్ కారెత్తి, కిందికి దూరి చూస్తే కొత్త రబ్బరే మెలిపడి చిరిగింది. కారు దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టులు బిగించాలి; లేకుంటే కారు దించగానే రబ్బరు మెలిపడుతుంది. ఆ రోజు పబ్బుకు తొందరపడి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బిగించేశాడు. మెర్వ్‌కు తల కొట్టేసినట్టయింది.

"ఈసారి నా తప్పేం లేదు నాయనా," అంది నోయెలీన్ బెరుగ్గా. "నువ్వన్నప్పట్నుంచీ ఆ మట్టిరోడ్డెక్కలేదు. అటుండే మా చెల్లెల్ని చూడ్డానికి పోవడమే మానేశా."

"తప్పు నాదే పెద్దమ్మా," అన్నాడు మెర్వ్. అన్నాడే గానీ, కారు కిందినుంచి బయటికి రాలేకపోయాడు.