పరగడుపు లెక్క

లెక్కలంటే సునీతకు చిన్నప్పటి నుంచీ వణుకే. నర్సింగులో ఎమ్మెస్సీకి చేరితే అవి అక్కడ కూడా స్టాటిస్టిక్స్ పేరుతో ఎదురొచ్చి కూర్చున్నాయి. మొదటిసారి ఆ పేపరు తప్పింది. రెండోసారి పంతం పట్టి, శంషాబాద్ బస్సులో నిలబడి కూడా చదివింది. ఎట్టకేలకు బుర్రకెక్కింది. ఎక్కిన చదువు ఊరికే ఉంటుందా, ఆమె ప్రాణం మీదికే తెచ్చింది.

ఆమె థీసిస్ ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్ల మీద. రాత్రి డ్యూటీ వాళ్లకు పగటి డ్యూటీ వాళ్లకన్నా షుగర్ ఎక్కువ ఉంటుందా అన్నది ప్రశ్న. అన్న జగన్ రాత్రి క్యాబ్ నడిపేవాడు కాబట్టి డ్రైవర్లంతా మారు మాట్లాడకుండా వేళ్లు చాపారు. రోజూ పొద్దున్నే పార్కింగ్ దగ్గర, పరగడుపున, సూది గుచ్చింది. రాత్రి వాళ్ల షుగర్ బాగా ఎక్కువ వచ్చింది. నిజానికి తేడా ఏమీ లేకపోతే ఇంత తేడా ఊరికే కనబడడం నూటికి ఒక్కసారి కూడా జరగదని లెక్క తేలింది. గైడు లలితకుమారి మేడమ్ మురిసిపోయి, సోమవారం సబ్మిట్ చేసేయమంది.

ఎక్కువ వచ్చినవాళ్లలో జగన్ ఒకడు. పరగడుపున నూరు లోపు ఉండాల్సింది, నూట యాభై. తండ్రికి షుగర్‌తోనే కాలు తీసేశారు, ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లో బతకలేదు. ఆ అంకె విన్న రోజే జగన్ సగం చచ్చాడు. రాత్రి డ్యూటీ వల్లే వచ్చిందని క్యాబ్ వదిలేసి గగన్‌పహాడ్‌లో గోదాము పనికి కుదిరాడు. దవాఖాన పేరెత్తితే రేపు, ఎల్లుండి అనేవాడు.

చివరికి సునీతే పోరు పెట్టి ఒప్పించి, ముందు ఇంట్లో మళ్లీ ఒకసారి చూద్దామని శనివారం పొద్దున షుగర్ మిషన్ తీసింది.

"ఏమన్న తిన్నవా అన్నా?"

"ఏం తినలే. పరగడుపే," అంటూ జగన్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి వేలు చాపాడు.

సునీత గ్లాసు వైపు చూసింది. "చాయ్ తాగినవు గదా."

"చాయ్ తాగితే తిన్నట్టా? ఇప్పుడు చక్కెర గూడ లేదు. పార్కింగ్ల ఉన్నప్పుడైతే మస్తు చక్కెరేసుకొని తాగుతుంటిమి. రాత్రంత మేల్కున్నోళ్లం, అది పడకుంటె కండ్లు తెరుచుకోవు."

"నా సూదికి ముందే?"

"ముందే. పగటోళ్లు ఇంట్ల లేచి సక్కగ నీ తానికి వస్తుండిరి. వాళ్ల చాయ్ సూది అయినంకనే."

తిన్నారా అని అందరినీ అడిగింది. తాగారా అని ఒక్కరినీ అడగలేదు. వాళ్లలో అబద్ధమాడినవాడు లేడు. తన బుర్రకు తట్టలేదు, అంతే.

మేడమ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ఇప్పుడిదంతా ఎత్తితే మళ్లీ మొదటినుంచీ చేయాలమ్మా, ఏడాది పోతుంది," అంది మేడమ్. "అయినా టీ వల్లే పెరిగిందని నీకు మాత్రం రుజువేముంది?"

రుజువు ఎదురుగానే కూర్చుని ఉంది. ఒక్క మనిషి రీడింగుతో ఏదీ తేలదని చదువుకుంది, నిజమే. కానీ చాయ్ లేకుండా కూడా అన్నకు ఎక్కువే వస్తే, ఆ నెపంతో సోమవారం నిశ్చింతగా సంతకం పెట్టేయొచ్చు. తక్కువ వస్తే ఇక తనను తాను మభ్యపెట్టుకోలేదు.

ఆదివారం పొద్దున జగన్ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తల్లి సత్తెమ్మ పొయ్యి కూడా వెలిగించకుండా పక్కనే కూర్చుంది. సునీత నెత్తుటి బొట్టు పట్టీకి అంటించింది. మిషన్ లెక్కబెట్టడం మొదలుపెట్టింది. ఎక్కువ రానీ దేవుడా, ఈ ఒక్కసారికి ఎక్కువ రానీ అని సునీత లోలోపల మొక్కుకుంటోంది. ఎవరి నెత్తురు గురించి మొక్కుకుంటోందో ఆమెకు తెలుసు. అయినా మొక్కు ఆగలేదు.

తొంభై రెండు.

"ఎంత?" అన్నాడు జగన్.

"మంచిగుంది అన్నా. నీకు షుగర్ లేదు. నేను తప్పు చూసిన."

జగన్ గోడకు ఒరిగి నవ్వడం మొదలుపెట్టాడు. సునీత అక్కడికక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సత్తెమ్మ కూతురి తల ఒళ్లోకి లాక్కుని కొంగుతో మొహం తుడిచింది.

"అన్న కోసం గింత పరేషాన్ అయినవా బిడ్డా," అంది.

ఆ మాటకు సునీత ఏడుపు ఇంకా ఎక్కువైంది.