గారెల బతుకమ్మ

పండుగ పిండివంటలకు కూర్చునే ముందు విద్యావతి చేసే మొదటి పని మూతికి గుడ్డ కట్టుకోవడం. పొయ్యి అలకడం, పిండి జల్లించడం, నూనె కాగబెట్టడం అన్నీ ఆ తర్వాతే. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆడవాళ్ళందరిదీ అదే పద్ధతి. నూనెలో సరుకు వేగుతున్నప్పుడు పక్కన ఎవరు ఏ మాట అన్నా అది పిండిలోకి దిగిపోతుంది, ఎవరైనా కొరికినప్పుడు మళ్ళీ బయటికి వస్తుంది. నూనె చిట్లుతుందని దూరంగా కూర్చున్నట్టే, మాట దిగుతుందని నోరు కట్టుకునేవాళ్ళు. అందులో వింతేమీ లేదు.

ఆమె తమ్ముడి పెళ్ళాం అనసూయ కొత్తకోడలుగా వచ్చిన ఏడు ఆ గుడ్డ కట్టుకోవడం మరిచిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చిన పెద్దాఫీసరు మురుకు కొరకగానే, "ఎన్ని కాల్చినా చాలయి. కడుపులా, చెరువులా?" అని అనసూయ గొంతు, గోడ అవతల మనిషి మాట్లాడినట్టు మెల్లగా వినబడింది. ఆఫీసరు నవ్వేసి ఇంకో మురుకు అందుకున్నాడు. మామగారు, అంటే విద్యావతి తండ్రి, మాత్రం నవ్వలేదు. మర్నాడు తన పాత ధోవతి చింపి ఇంట్లో ఆడవాళ్ళిద్దరికీ చెరో ముక్క ఇచ్చాడు. ఆయన పోయి చాన్నాళ్ళయినా ఆ ముక్కలు వంటింటి మేకుకు వేలాడుతూనే ఉన్నాయి.

విద్యావతి చేతి గారెలకు ఆబిడ్స్ దాకా పేరు. గారెలంటే మినప్పప్పువి కావు. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, కరివేపాకు కలిపి, అరచేత్తో పల్చగా ఒత్తి నూనెలో కాల్చే బిళ్ళలు. "విద్యమ్మ గారెలు కరకరమంటయి గానీ కిక్కురుమనవు" అని మెచ్చుకునేవాళ్ళు. కిక్కురుమనకపోవడం ఆమెకు బాగా అలవాటే. పదిహేనో ఏట మొగుడు పోతే ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చింది, ఇప్పుడు యాభై దాటాయి. ఈ మధ్యకాలమంతా ఆమె పండుగ పూట అతిథుల ముందుకు రాలేదు. బతుకమ్మ పేర్చలేదు. ముండమోసింది పేర్చగూడదన్నారు. పూలు తుంచి ఇచ్చేది, రంగులు అద్ది ఇచ్చేది, ఆ తర్వాత లోపలికి పోయి పడుకునేది.

ఆంధ్రాతో కలిపి కొత్త రాష్ట్రం ఏర్పడి రెండేళ్ళయింది. ఆంధ్రా వైపు నుంచి వచ్చే ఉద్యోగస్థులతో రైళ్ళు కిటకిటలాడుతున్నాయి. కాచిగూడలో లాడ్జి నడుపుతున్న కోదండరామయ్య నాంపల్లి స్టేషన్ దగ్గర ఇంకో లాడ్జి కట్టాలని ఇల్లు వెతుకుతూ వీళ్ళ ఇంటి ముందు ఆగాడు. విద్యావతి తమ్ముడు వామన్‌రావు బషీర్‌బాగ్‌లో గుమాస్తా. వానకు కారే పాతింటితో వేగలేక విసిగిపోయినవాడు. అడగడమే ఆలస్యమన్నట్టు ఒప్పేసుకున్నాడు. తామంతా ఊరి చివర కొత్త డాబాకు మారడం, అక్కను జగిత్యాలలో మేనమామ కొడుకింటికి పంపడం, అన్నీ మనసులోనే ఖాయం చేసుకున్నాడు.

ఒక్కటే చిక్కు. తండ్రి పోయేముందు పదిమందిని పిలిచి, "గీ ఇంట్ల సగం విద్యది" అన్నాడు. పక్కింటి రాజమల్లు ఆ మాట విన్నవాడు, విన్నదాన్ని మరిచేవాడు కాదు. కోదండరామయ్యకు చెప్పేశాడు కూడా.

"అక్కగారు తన నోటితో ఇష్టమేనంటేనే కొంటానండీ. ఆడకూతురి ఉసురు పోసుకుని కట్టిన లాడ్జిలో ఎవరికి నిద్ర పడుతుంది?" అన్నాడు కోదండరామయ్య.

"మా అక్క పరాయోళ్ళ ముందటికి రాదు సార్" అన్నాడు వామన్‌రావు. "దసరానాడు మా ఇంటికి రాండ్రి. ఆమె మాట ఆమె చేసిన మురుకులల్లనే వింటరు."

దానికి రాజమల్లు కూడా ఒప్పుకున్నాడు. మురుకు పలికిన మాటను ఆ సందులో స్టాంపు కాగితం కంటే ఎక్కువ నమ్మేవాళ్ళు.

దసరా పొద్దున విద్యావతి నూనె మూకుడు ముందు కూర్చుని మురుకుల గొట్టంలో పిండి కూరుతుంటే గుమ్మంలో తమ్ముడి నీడ పడింది. ఆ ఇంట్లో మగవాడు పిండివంటల వేళ వంటింట్లోకి రావడం అదే మొదటిసారి.

"అక్కా, గా గుడ్డ జర తియ్యి."

ఆమె తీసింది.

"మురుకులు నూనెల ఎయ్యి. ఏసినంక, నాకు ఇష్టమే అను."

"ఏం ఇష్టం?"

"ఇల్లు అమ్ముడు. జగిత్యాలల నీకు ఒక అర్ర ఇస్తరు, నువ్వేం ఫికర్ జెయ్యకు. కానీ, ఎయ్యి."

విద్యావతి గొట్టం ఒత్తింది. మురుకులు నూనెలో పడి బుసబుసమని పొంగాయి.

"అను" అన్నాడు వామన్‌రావు.

"నాకు ఇష్టమే."

"గట్టిగ అను. నూనె చప్పుడుకు వినొస్తలేదు."

"నాకు ఇష్టమే."

"ఏడుస్తున్నవేంది? పండుగపూట ఏడుస్తరా ఎవరన్న? నవ్వుకుంట అను."

"నాకు ఇష్టమే" అంది విద్యావతి.

మురుకులు ఎర్రబడ్డాయి. జాలిగరిటెతో వాటిని తీస్తుండగా ఆమెకు ఒక సంగతి తట్టి చెయ్యి ఆగింది. తమ్ముడి మూతికి గుడ్డ లేదు. పుట్టి బుద్ధెరిగాక పొయ్యి దగ్గర నిలబడనివాడు, మురుకులు తినడమే తప్ప వాటి సంగతి తెలియనివాడు, ఆడవాళ్ళ మాటే పిండిలోకి దిగుతుందని అనుకున్నాడు కాబోలు. చెప్పొచ్చు. చెబితే ఆ వాయ పారబోసి ఇంకో వాయ వేయిస్తాడు. చిన్నప్పటి నుంచి ఆమెకు నేర్పిందల్లా నూనె ముందు నోరు మూసుకోమనే. ఇప్పుడూ అదే చేసింది. వామన్‌రావు తృప్తిగా తలాడించి జమ్మి ఆకు తేవడానికి వెళ్ళిపోయాడు.

అతను సందు దాటాక కూడా విద్యావతి గుడ్డ కట్టుకోలేదు. కోపం ఆమెకు నెమ్మదిగా వచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఆలస్యమైనా వచ్చింది. అది వచ్చాక ఎంత హాయిగా ఉందో ఆమెకే ఆశ్చర్యమేసింది. గారెలు ఒత్తి నూనెలో వేసి, మొదటి వాయ మీదికి వంగింది.

"గీ పొయ్యి నేను పెట్టిన."

రెండో వాయకు గొంతు ఇంకొంచెం లేచింది. "మా అమ్మ మంచంల పడ్డప్పుడు ఎత్తి దించింది గీ చేతులే. వామన్‌కు అమ్మోరు పోస్తే పక్కల పండింది నేనే."

ఆ తర్వాత వాయకు పిండి అరచేత్తో ఒత్తింది. "మొగడు సచ్చుడు నా తప్పా?" అంది. ఇంకేం అనాలో తోచక, "నాకు తంగేడు పూలంటే పాణం" అని కూడా అంది.

వెనక అనసూయ వచ్చి నిలబడింది. అంతా విన్నట్టే ఉంది. మొగుడితో చెప్పడానికి పరుగెత్తుతుందేమోనని విద్యావతి అటు చూసింది. అనసూయ మేకుకున్న తన గుడ్డ తీసి, చెయ్యి తుడుచుకుని, పీట వాల్చుకుని కూర్చుంది. సకినాలకు కాలం కాకపోయినా, దసరా అతిథులకని నానబెట్టి దంచిన పిండి తీసుకుని బట్ట మీద చుట్లు చుట్లుగా అల్లింది. ఆరినవాటిని నూనెలోకి వదిలి, మూకుడు మీదికి వంగి ఒక్కటే మాట అంది.

"నన్నెవ్వరు అడగలే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొచ్చేలా ఉంది.

మధ్యాహ్నం విద్యావతి పెద్ద ఇత్తడి తాంబాళం చింతపండుతో తోమి ముందు పెట్టుకుంది. అడుగున గుమ్మడాకు పరిచింది. దాని మీద గారెలు అంచున నిలబెట్టి వెడల్పుగా వరస పేర్చింది. లోపలి ఖాళీలో ఉడికించిన శనగల గుడాలు పోసింది. పైన కాస్త చిన్నగా సకినాల వరస, ఆ పైన ఇంకా చిన్నగా మురుకులు. నెత్తిన గౌరమ్మలాగా ఒక నువ్వుల సత్తు ముద్ద. అది నూనెలో పడనిది గనుక దానికి మాటల్లేవు. సద్దుల బతుకమ్మకు మిగిలిన తంగేడు పూలు చుట్టూ గుచ్చింది.

"వదినా, బతుకమ్మ పేర్చినవా?" అంది అనసూయ.

"ఔ. పేర్చిన" అంది విద్యావతి. ఒక్క గారె కూడా జారలేదు.

పొద్దు గూకే వేళకు జమ్మి పూజ చూసుకుని అతిథులు వచ్చారు. ముందు రాజమల్లు, వెనక కోదండరామయ్య. ఆయన చేతిలో జమ్మి రెబ్బ ఉంది.

"ఇలా జమ్మిని బంగారమని ఇచ్చుకోవడం మా వైపు లేదండీ. ఎలా ఇవ్వాలి?" అని అడిగాడు.

"ఇంటికి పెద్ద ఎవరైతే ఆళ్ళకు ముందుగాల ఇయ్యాలె" అన్నాడు రాజమల్లు.

కోదండరామయ్య వంగి ఆకు వామన్‌రావు చేతిలో పెట్టాడు. వామన్‌రావు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. తాంబాళం అనసూయ తెచ్చి మధ్యలో పెట్టింది. విద్యావతి తలుపు వెనక ఉండిపోయింది.

"అబ్బ, ఎంత ముచ్చటగా పేర్చారండీ!" అంటూ కోదండరామయ్య పైనున్న మురుకు తీసుకున్నాడు. వామన్‌రావు తన పళ్ళెంలోనూ మర్యాదకు ఒకటి వేసుకుని, తినకుండా ఆయన నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.

కరకరమంది.

"అను" అంది మురుకు, వామన్‌రావు గొంతుతో. "నాకు ఇష్టమే" అంది విద్యావతి గొంతుతో. "గట్టిగ అను. నూనె చప్పుడుకు వినొస్తలేదు... ఏడుస్తున్నవేంది? పండుగపూట ఏడుస్తరా ఎవరన్న? నవ్వుకుంట అను."

రాజమల్లు ఇంకో మురుకు తీసి కొరికాడు. అదీ అదే అంది. ఆయన నోరు తుడుచుకుని వామన్‌రావు మొహంలోకి చూశాడు.

"గది నీ గొంతే కద, వామన్?"

వామన్‌రావు చూపు పళ్ళెం వైపు దించుకున్నాడు. కోదండరామయ్య సకినం తీసుకున్నాడు. "నన్నెవ్వరు అడగలే" అంది అది. అనసూయ తల దించుకోకుండా నిలబడింది. తర్వాత గారెలు. పొయ్యి సంగతి చెప్పాయి, మంచం సంగతి చెప్పాయి, అమ్మోరు సంగతి చెప్పాయి. అది విన్నప్పుడు వామన్‌రావు చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీది మచ్చల మీదికి పోయింది. "మొగడు సచ్చుడు నా తప్పా?" అన్న గారెను రాజమల్లు సగం తిని, మిగతా సగం చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

"ఇంత చెప్పాయి గానీ," అన్నాడు కోదండరామయ్య, "నేనడిగిన దానికి మాత్రం జవాబు రాలేదండీ. అమ్మగారిని ఒక్కసారి పిలవండి."

"ఆమె రాదు సార్. మా ఇండ్లల్ల పండుగపూట..."

తలుపు తెరుచుకుంది. విద్యావతి వచ్చింది. తండ్రి కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చుంది. ఎదురుగా తమ్ముడి పళ్ళెంలో ఆ ముట్టని మురుకు కనబడింది. చెయ్యి చాచి తీసుకుంది. పరాయి మగవాళ్ళ ముందు, పండుగపూట, తను చేసినదాన్ని మొదటిసారి కొరికింది. ఉప్పు సరిపోయింది.

"నాకు ఇష్టమే" అంది ఆ మురుకులోని పొద్దుటి గొంతు, భయం భయంగా.

"గట్టిగ అను" అన్నాడు మురుకులోని తమ్ముడు.

విద్యావతి నమిలింది, మింగింది.

"నాకు ఇష్టం లేదు!" అంది. వీధిలో పోతున్న రిక్షావాడు తొక్కడం ఆపి ఇటు చూశాడు. "గీ ఇల్లు ఇడిసి నేను ఏడికి పోను!"

ఆమె గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కోదండరామయ్య చేతులు దులుపుకుని లేచాడు. ఆయన మొహంలో కోపం లేదు.

"వామన్‌రావుగారూ, స్టేషన్ చుట్టుపక్కల ఇళ్ళకేం కరువు లేదు, ఇంకోటి చూసుకుంటాను. ఆ జమ్మి మాత్రం ఓసారి ఇలా ఇప్పించండి."

వామన్‌రావు జేబులోంచి రెబ్బ తీసి ఇచ్చాడు. కోదండరామయ్య దాన్ని రెండు చేతులతో విద్యావతికి అందించి వంగి దణ్ణం పెట్టాడు.

"ఇంటి పెద్దకు ముందివ్వాలన్నారమ్మా. తెలీక పొరపాటు చేశాను. మా ఆవిడ నాగరత్నానికి నాలుగు గారెలు పొట్లం కట్టించండి. అదీ వినాలి ఇవి."

అనసూయ పొట్లం కట్టింది. అతిథులు వెళ్ళిపోయారు. విద్యావతి ఆ రెబ్బను కొంగున ముడేసుకుంది గానీ కుర్చీలోంచి లేవలేదు. తమ్ముడి వైపు చెయ్యి చాచింది.

"పెద్దక్కను. పండుగపూట నాకు బంగారం ఇయ్యవార?"

వామన్‌రావు ఆ చేతి వైపు చూశాడు. నూనె చిట్లిన పాత మచ్చలు దాని నిండా ఉన్నాయి. తర్వాత జేబులో చెయ్యి పెట్టి పొద్దున తను తెచ్చిన జమ్మి ఆకులు తీశాడు.