గొంగట్లో చిక్కిన గాలి

పొద్దు పొడవకముందే కపిల కట్టడం హనుమంతమ్మకు ఏడేండ్ల అలవాటు. ఎద్దులు వాలులో దిగితే మోకు బిగుసుకుని, బావిలోంచి తోలుబాన పైకొస్తుంది. కరువులో అది సగమే నిండుతుంది. ఎద్దులకు పాట కావాలి. పాట ఆగితే అడుగు ఆగుతుంది. ఆడది కపిల తోలడమేమిటని విడపనకల్లు దాకా నవ్వినారు. ఆ నవ్వినవాళ్లలో ఒక్కడూ ఒక్క బాన నీళ్లు తోడి ఇచ్చిన పాపాన పోలేదు.

ఆమె మొగుడు ఆదెన్న పందొమ్మిదివందల యాభైయొకటిలో కరువుకు ఊరు విడిచినాడు. గట్టెక్కి, వెనక్కి తిరిగి ఏదో అరిచినాడు. ఆషాఢపు గాలి ఆ మాటను ఎత్తుకుపోయింది. ఆ ఊర్లో గాలి ఎత్తుకుపోయిన మాట ఎప్పుడో ఒకనాడు తిరిగొస్తుంది. చచ్చి మూడేండ్లయినా జగడాలమారి పాపన్న తిట్లు ఇప్పటికీ కళ్లం దగ్గర వినబడతాయి. జనం తప్పుకుని నడుస్తారు, అంతే. ఆదెన్న మాట మాత్రం రాలేదు.

ఇప్పుడు పెద్దమనుషులు గడువు పెట్టినారు. ఆషాఢం పోయేలోగా ఆమె ఆదెన్న చిన్నాయన కొడుకు బయ్యన్నను మారుమనువు చేసుకోవాలి. లేదంటే బావినీ ఎద్దులనూ అతనికి వదిలి పుట్టింటికి పోవాలి.

"ఆయన ఏం చెప్పిపోయినాడో తెలిసేదాకా కదల్ను" అన్నది హనుమంతమ్మ. గడువు ఇక నాలుగు రోజులే ఉంది.

ఆ రోజు రేడియో వ్యాను వచ్చింది. కపిల పాట పట్టుకుపోదామని శ్రీరంగప్ప అనే ఉద్యోగి బావి దగ్గర మైకు నిలబెట్టినాడు. టేపు తిప్పి వింటే బుస్సుమని గాలి తప్ప పాట లేదు. తువ్వాలు చుట్టినాడు. అది మైకుకు కొట్టుకుని గరగరమంది.

"ఊరి బళ్లోకి వచ్చి పాడమ్మా, తలుపులేసుకుందాం" అన్నాడు.

"ఎద్దుల్ని గూడా బెంచీ మీద కూచోబెడతావా సార్? అవి నడిస్తేనే నాకు పాట వస్తాది."

గట్టు మీద పెద్దమనుషుల పక్కన కూర్చున్న బయ్యన్న నవ్వినాడు. "నీ పాట గాలికి గూడా నచ్చలేదు వదినా!"

ఆమె మామ, ఆదెన్న తండ్రి తిప్పన్న లేచినాడు. గొర్రెలు కాచి కాచి నడుం వంగిన మనిషి. ఇంట్లోకి పోయి కోళ్లగంప, గొంగడి తెచ్చినాడు.

"గుడ్డ మైకుకు తగలగూడదు సామీ. మీద గంప బోర్లించు. గంప మీద గొంగడి కప్పు, బొచ్చు బయటికి పెట్టు. గాలి బొచ్చులో చిక్కుకోని ఆడే పడుంటాది."

ఎద్దులు కదిలినాయి. హనుమంతమ్మ పాడింది. గాలి దుమ్ము లేపుతూ గొంగడి మీద పడి, అక్కడే అణిగింది.

టేపు తిప్పినారు. గిలక కిర్రుమంది. గిట్టల చప్పుడు, ఆమె గొంతు, బానలోంచి జారే నీటిబొట్టు, అన్నీ విడివిడిగా వినబడినాయి. రెండో చరణం అయ్యాక టేపులోనే ఒక మగగొంతు అరిచింది.

"హనుమీ! నేను మళ్ల రాను. కాచుకోవద్దు. బావి నీది, ఎద్దులు నీవి. ఎవురికీ ఇయ్యాకు!"

"ఎవరిదీ గొంతు?" అన్నాడు శ్రీరంగప్ప.

"మావోనిదే" అన్నాడు తిప్పన్న, గొంగడి నిమురుతూ.

బయ్యన్న లేచి నిలబడినాడు. "ఏడేండ్ల కిందటి మాట ఇప్పుడు చెల్తాదా?"

"పాపన్న తిట్టు చెల్లదా మరి? రేపు కళ్లం కాడ తప్పుకోకుండా నడువు, చూస్తాం" అన్నాడు తిప్పన్న.

పెద్దమనుషులు తలలు వంచుకున్నారు. బయ్యన్న గట్టు దిగి, వెనక్కి చూడకుండా పోయినాడు.

హనుమంతమ్మ ఏడుస్తుందేమోనని అందరూ చూసినారు. ఆమె మోకు చేతికి చుట్టుకుంది.

"ఆ ముక్క కోసేయమంటావా అమ్మా?" అన్నాడు శ్రీరంగప్ప.

"ఉండనీ సార్, అందరూ విననీ. ఇందాక పాడింది కాచుకున్నోళ్ల పాట. ఇంగొకటి ఉండాది, ఇన్నేండ్లూ నోట్లోనే పెట్టుకున్నా. గంప తియ్యద్దు."

ఎద్దులు చెవులు నిక్కించి, వాలులోకి అడుగు వేసినాయి.