తడవకూడని జుట్టు

జడలా, జడలేమిటి దీని మొహం, రేపు ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి ఒంటిగా పాట పాడాల్సిన పిల్ల, నుదుటి మీదికి ఒక వంపు రావాలి, వెనకాల నున్నగా మెడ మీద పడాలి అని నెల్లాళ్ళుగా అద్దం ముందు నిలబడి ప్రాణం తీసిన పిల్ల, ఇప్పుడొచ్చి కుర్చీలో కూర్చుని అమ్మా ఇవాళ సాపు చెయ్యకు, గట్టిగా జడలు వేసెయ్ చాలు అంటోంది, ఏం బుద్ధో ఏమో అనుకుంది ఒథీలియా, అనుకుంటూనే గ్యాస్ మంట మీద ఇనప దువ్వెనను ఇటు నుంచి అటు తిప్పి పెట్టింది, శనివారం పొద్దున ఆ చెయ్యి దానంతటదే ఆ పని చేస్తుంది, బర్మింగ్‌హామ్‌లో ఆ వీధి నల్ల ఆడవాళ్ళ తలలన్నీ శనివారం ఆమె వంటింట్లోనే ఆదివారానికి తయారవుతాయి, ఉంగరాలు చుట్టుకున్న జుట్టును పాయలు పాయలుగా తీసి, వాసెలిన్ పట్టించి, కాలిన దువ్వెనతో సాగదీసి సాగదీసి దొరసాని జుట్టులా నిలువునా పడేట్టు చేసి పంపడం ఆమె విద్య, కిటికీ తెరల నిండా ఆ కమురు వాసనే, ఎన్నిసార్లు ఉతికినా పోదు, కిటికీ అవతల మే నెల ఎండ, మచ్చుకైనా మబ్బు లేదు, వాన భయం లేని రోజు, మరి జడలెందుకు.

మూల స్టూలు మీద తలకి తువ్వాలు చుట్టుకుని సిస్టర్ పెర్లీన్ తన వంతు కోసం కాచుకుని ఉంది, ఆవిడ కాచుకుంటుంది గానీ ఆవిడ నోరు కాచుకోదు, నిన్నటి నుంచీ ఊరంతా అదే మాట కదా, పిల్లలు బడి ఎగ్గొట్టి వందలకొద్దీ పాటలు పాడుకుంటూ ఊళ్ళోకి నడవడం, తెల్లవాళ్ళ హోటళ్ళలో మమ్మల్నీ కూర్చోనివ్వండి అనడం, పోలీసులు కుక్కల్ని ఉసిగొల్పడం, పార్కు దగ్గర ఫైరింజను గొట్టాలు విప్పి నీళ్ళతో కొట్టడం, ఏం పెంపకాలమ్మా ఇవి, పెద్దవాళ్ళం మనం నోరు మూసుకుని పడి ఉంటే ఈ పిల్లకుంకలు మన కొంపలు కూల్చేట్టున్నారు అంటోంది పెర్లీన్, జైలంటే పిక్నిక్ అనుకుంటున్నారు ఒథీలియా, జేబులో టూత్‌బ్రష్షులు పెట్టుకుని మరీ పోతున్నారట, నా పిల్లయితే కాళ్ళు విరగ్గొట్టి మంచానికి కట్టేసేదాన్ని, అవునవును, కట్టెయ్యాలి అంటూ ఒథీలియా కూతురు వెర్నెల్ తల తనవైపు వంచుకోవడానికి ముందుకి ఒరిగింది, ఒరిగినప్పుడు పిల్ల గౌను జేబులోంచి ఏదో ఆమె పొట్టకి గుచ్చుకుంది, సన్నగా, పొడుగ్గా, ఒక కొస బరకగా, చెయ్యి పెట్టి చూడక్కర్లేదు, పొద్దున మొహం కడుక్కునేటప్పుడు గ్లాసులో మూడు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయని ఇప్పుడు గుర్తొచ్చింది, అప్పుడు చూసింది కూడా, చూసి మూడోది కింద పడిందేమోలే అనుకుంది.

దేవుడా, జడలు ఎవరడుగుతారు, తడవబోయేవాళ్ళు అడుగుతారు, ఆ సంగతి ఒథీలియాకి కాక ఇంకెవరికి తెలుసు, ఇంత కష్టపడి సాపు చేసిన జుట్టు చుక్క నీరు తగిలితే చాలు, చెమట పట్టినా చాలు, మళ్ళీ మొదటికొచ్చి ఉంగరాలు చుట్టేసుకుంటుంది, అందుకే బాప్తిస్మానికి ముందు రోజు వచ్చినవాళ్ళు జడలు చాలంటారు, వాగులో ఈతకెళ్ళే పిల్లలు జడలు చాలంటారు, వెర్నెల్ బాప్తిస్మం ఎప్పుడో అయిపోయింది, దీనికి ఈతా రాదు, ఇక ఈ ఎండలో దీన్ని తడిపే నీళ్ళు ఎక్కడున్నాయి, పార్కు దగ్గరున్నాయి, ఆ గొట్టాల్లో ఉన్నాయి, నిన్న సాయంత్రం పక్కింటి డెల్ఫీన్‌ని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టింది, డాక్టరు దగ్గరికి కాదు, ఒథీలియా నువ్వే చూడు, తలల సంగతి నీకే తెలుసు అని, చూసింది, చెవి పైన అరచేతి మేర జుట్టు లేదు, కుదుళ్ళతో సహా ఊడొచ్చేసింది, ఎర్రగా తడిగా మాడు కనబడుతోంది, నీళ్ళే ఆంటీ, నీళ్ళు నా జుట్టు పట్టుకుని లాగాయి అంది ఆ పిల్ల, పళ్ళు టకటకలాడుతూ, విరబోసుకున్న జుట్టు, మొన్న తను సాపు చేసి పంపిన జుట్టే, గాలికి ఎగిరినట్టు నీళ్ళకి ఎగిరి ఉంటుంది, దొరికిపోయి ఉంటుంది, మందు రాస్తూ ఒథీలియా మనసులో అనుకున్నది ఒకటే, నా పిల్ల కాదు, దేవుడి దయ, నా పిల్ల కాదు, ఆ మాట అనుకున్నందుకు సిగ్గేసింది, సిగ్గేసినా మళ్ళీ అదే అనుకుంది.

వద్దు, పంపను, ఎలా ఆపాలి, అరిచి ఆపడానికి లేదు, మూల కూర్చున్న ఆ నోరు తన మొగుడు క్లియోఫస్ పనిచేసే కొలిమి తెల్ల మేస్త్రీ ఇంట్లో వంట చేస్తుంది, ఇక్కడి మాట అక్కడ వెయ్యకపోతే దానికి తిన్నది అరగదు, మన పిల్ల పేరు అక్కడ వినబడిందా, సోమవారం నా చేతికి టోపీ ఇచ్చి పనిలోంచి పొమ్మంటారు, జాగ్రత్తే అని పొద్దున షిఫ్టుకి వెళ్తూ క్లియోఫస్ చెప్పే వెళ్ళాడు, అరవక్కర్లేదు, దువ్వెన ఉంది చేతిలో, సాపు చేసేస్తే సరి, తల వెంట్రుకంత సందు లేకుండా అద్దంలా చేసి పెడితే, నుదుటి మీద ఆ వంపు తిప్పి పెడితే, ఏ ఆడపిల్ల అయినా ఆ జుట్టు వేసుకుని నీళ్ళలోకి వెళ్తుందా, పదమూడేళ్ళ పిల్ల, అద్దం చూసుకుంటే చాలు కాలు కదలదు, అదే మంచిది, జడలూ లేవు గిడలూ లేవు, నోరు మూసుకుని కూర్చో అంది పైకి, మంట మీంచి దువ్వెన తీసి తెల్ల గుడ్డ మీద రాసి చూసింది, గుడ్డ గోధుమరంగుకి మారి పొగ లేచింది, ఎక్కువ కాలింది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత కాలనివ్వలేదు, చల్లారనిచ్చి ఎడమ పక్క పాయ తీసుకుని అలవాటుగా అంది, చెవి పట్టుకో.

వెర్నెల్ వేలితో చెవిని కిందికి మడిచి పట్టుకుంది, ఐదేళ్ళప్పటి నుంచీ అంతే, కాలే ఇనుము చెంప పక్కగా పోతున్నా ఈ పిల్ల ఎన్నడూ తల కదల్చలేదు, అమ్మ చెయ్యి కదా అని, ఎంత నమ్మకమే నీకు, ఆ నమ్మకం మీదే కదా ఇప్పుడు దెబ్బ కొట్టబోతున్నాను, ఎంత చిన్న తల, ఈ తల కొలత తనకి వేళ్ళ మీద తెలుసు, దారంతో కొలిచేది, ఈస్టర్‌కి టోపీ కొనాలంటే దారం తలచుట్టూ తిప్పి ముడి వేసి ఆ దారం పట్టుకుని ఊళ్ళో దుకాణానికి వెళ్ళేది, ఎందుకంటే అక్కడ నల్లవాళ్ళు టోపీ కొనుక్కోవచ్చు గానీ తల మీద పెట్టుకుని చూడకూడదు, పెడితే ఇంక దాన్ని ఎవరూ కొనరట, ఒకసారి దీన్ని కూడా తీసుకెళ్ళింది, ఆరేళ్ళేమో, పసుపు రంగు టోపీ అందుకోబోతే దుకాణం పిల్ల చటుక్కున లాక్కుంది, దారి పొడుగునా అడిగింది ఇది, నా తలకి ఏమయిందమ్మా, నా తలలో ఏముందమ్మా, ఏమీ లేదే, నీ బుర్ర పెద్దది, టోపీ సాగిపోతుంది అని నవ్వి చెప్పింది తను, నవ్వి, ఇంటికొచ్చి ఇదే కుర్చీలో కూర్చోబెట్టి ఇదే దువ్వెన కాల్చి ఆ బుర్రని నున్నగా చేసింది, ఆ పొద్దున దుకాణంలో తప్పు ఎవరిదో పిల్లకి అలా చెప్పినట్టే అయింది కదా, చెప్పింది తనే కదా.

దువ్వెన పాయ దగ్గరికొచ్చి ఆగిపోయింది, వెర్నెల్ చెవి వదల్లేదు, ఎక్కడికే ఇవాళ అని అడిగింది ఒథీలియా మెల్లగా, చర్చికమ్మా, పాట ప్రాక్టీసుకి అంది పిల్ల, వాన వచ్చేట్టుందా అంది తను, గొంతు ఎలా పలికిందో ఏమో, పిల్ల చెవి మీది వేలు బిగుసుకుంది, అమ్మకి తెలిసిపోయిందని దానికీ తెలిసిపోయింది, వస్తుందేమోనమ్మా అంది, పెద్ద వానేనా, పెద్దదే అంటున్నారు, నువ్వు వెళ్ళి తీరాలా, నేను వెళ్ళకపోతే పాట ఆగదమ్మా, కానీ నేను లేకుండానే పాడేస్తారు, అది నాకిష్టం లేదు, ఏం వానే పిచ్చిమొహాల్లారా, ఆకాశం తోమిన గిన్నెలా ఉంటే అని మూల నుంచి పెర్లీన్ కిసుక్కున నవ్వింది, ముందు ఆ దువ్వెన సంగతి చూడు ఒథీలియా, చల్లారిపోతోంది, నా వంతు వచ్చేసరికి సాయంత్రమయ్యేట్టుంది, చల్లారనీ అంది ఒథీలియా, చేత్తో గ్యాస్ మీట తిప్పేసింది, నీలం మంట ఒక్కసారి ఎగిరి ఆరిపోయింది, శనివారం ఆ మంట ఆరడం పెర్లీన్ ఎప్పుడూ చూడలేదు.

పంపుతున్నాను, ఇదిగో పంపుతున్నాను, చేతులు జుట్టులోకి దిగాయి, మాడుకి అంటుకుపోయేట్టు వెయ్యాలి, ముందు నుంచి మెడ దాకా, పాయలు సన్నగా, నీళ్ళకి పట్టు దొరక్కూడదు, డెల్ఫీన్ జుట్టు వదులుగా ఉండబట్టి దొరికింది, దీనిది దొరకదు, నా చేతిలో ఉన్నంతవరకు దొరకదు, నొప్పి పుడుతోందా, పుట్టనీ అమ్మా, ఇంకా లాగు, లాగింది, కొసలు లోపలికి తోసి సూదీ దారంతో కుట్టేసింది, పైన వాసెలిన్ దట్టంగా మెత్తింది, నీళ్ళు జారిపోవాలి, వేళ్ళ కింద ఆ ఉంగరాల గరుకు, అది పుట్టినప్పుడు మొదటిసారి తాకిన గరుకే, ఎన్నాళ్ళయింది దీన్ని కాల్చకుండా తాకి, నీళ్ళు తగిలితే జుట్టు పాడవుతుందని వచ్చిన ప్రతి ఆడదానికీ చెప్పింది, వానలో వెళ్ళకండి, చెమట పట్టనివ్వకండి, గొడుగు మర్చిపోకండి, జుట్టు పాడవడమేమిటి, తన రూపం తనకి వస్తోంది అంతే, దానికే ఇంత భయమా, పని అయిపోయినా వెర్నెల్ వేలు చెవి మీదే ఉంది, వదిలెయ్యవే, కాలేదేం లేదిక్కడ అంటూ ఆ వేలిని తనే మెల్లగా తీసింది, పిల్ల లేచి గౌను సర్దుకుంది, జేబు మీద చెయ్యి ఒకసారి వేసుకుంది, వస్తానమ్మా అంది, తలుపు తెర ఊగి ఆగింది, రేపు పాట ఎవరు పాడతారట మరి అని పెర్లీన్ అడుగుతూనే ఉంది, ఒథీలియా ఖాళీ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది, చేతులకింకా వాసెలిన్ జిడ్డు, ఇన్నేళ్ళూ తను నేర్చిందీ ఈ వీధికి నేర్పిందీ నీళ్ళంటే భయపడటమేనని, తన కడుపున పుట్టిన పిల్లకి ఆ భయం లేదని, ఇప్పుడు అర్థమైంది.