కందిరీగల గూటికి రొయ్యపిల్లల వల

దరియాలతిప్పలో ఆనందరావుకి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, ఆయన గొంతు: వెనకవీధిలో పెళ్ళివారు పాటలు పెట్టినా ఈయన మాటే పైన వినబడుతుంది. రెండు, ఆ గొంతులోంచి మాటని తిన్నగా బయటికి రానివ్వడు. మెలితిప్పి, ఇంకోదానికి ముడేసి మరీ వదులుతాడు. భార్య దీనమ్మ వట్టి పులుసు పెట్టిన రోజున "పులుసులో ముక్క లేదు, నా మాటకి లెక్క లేదు" అంటాడు. ఆఫీసులో ఫైలు కదలకపోతే "ఇది దస్త్రం కాదండీ, సత్రం. వచ్చిన కాగితం ఇక్కడే పడుకుంటుంది" అంటాడు. ఎదుటివాళ్ళు నవ్వకపోతే తనే నవ్వుకుంటాడు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ నోటికి ఒక్కరోజు కూడా సెలవు లేదు.

అలాంటి నోటికి మే నెలలో ఒక శుక్రవారం తాళం పడింది. వేసినవి కందిరీగలు.

సంగతేమిటంటే, ఏటా ఎండాకాలం సెలవుల్లో పదిరోజులు చర్చిలో పిల్లలకి వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి, పెడతారు. పాటలు, బైబిలు కథలు, బొమ్మలకి రంగులు, చివర్లో బిస్కట్లు, చల్లటి రస్నా. పంతొమ్మిదేళ్ళుగా దాన్ని నడిపేది దీనమ్మే. చర్చికొచ్చే ఇళ్ళ పిల్లలే కాదు, రాని ఇళ్ళ పిల్లలూ వస్తారు. ఎప్పుడూ అరవైమందికి తగ్గరు. ఈ ఏడు చర్చికి కొత్త స్లాబు వేశారు, సెంట్రింగు ఇంకా విప్పలేదు. లోపలికెళితే ఎటు చూసినా సరుగుడు కర్రలే. అందుకని దీనమ్మ ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి, "వీబీఎస్ వచ్చే సోమవారం నుంచి మా పెరట్లోనండీ" అని చెప్పేసింది. ఆ పెరటి మామిడిచెట్టు కింద తప్ప ఆ ఎండలో అరవైమంది కూర్చునే నీడ ఆ చుట్టుపక్కల లేదు.

శుక్రవారం ఆనందరావు సెలవు పెట్టి మరీ మైకుసెట్టు తెచ్చాడు. స్పీకరుని మామిడికొమ్మకి గట్టిగా కట్టాడు. కింద చూశాడు, పక్కన చూశాడు, పైకి మాత్రం చూడలేదు. మైకు నోటిదగ్గర పెట్టుకుని, చర్చివాళ్ళు ఎక్కడ మైకు పట్టుకున్నా అనే మాటే అన్నాడు.

"స్తోత్రం. స్తోత్రం. వన్, టూ, త్రీ. స్తోత్రం."

మూడో స్తోత్రానికి పైనుంచి ఆమెన్ వచ్చింది.

పెదవి మీద రెండు, బుగ్గ మీద ఒకటి, చెవి మీద ఒకటి. ఆయన పరుగెత్తి వంటింట్లో పడి తలుపేసుకునేసరికి మూతి మూతపడిపోయింది. ఆర్ఎంపీ వచ్చి ఇంజెక్షను చేశాడు. దీనమ్మ తడిగుడ్డ అద్దింది. ఆనందరావు మంచంమీద కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెప్పబోయాడు. దీన్ని కందిరీగ అని ఊరికే అన్నారా, కుట్టిన చోటల్లా కందిపోవడానికే కదా అన్నది ఆయన ఉద్దేశం. బయటికి వచ్చింది మాత్రం "హంహిహీహ."

"ఏవండీ, ఊరుకోండి. నోరు నొప్పెడుతుంది" అంది దీనమ్మ. ఊరుకోవడమే ఎక్కువ నొప్పిగా ఉంది ఆయనకి.

ఇంకో మాట కూడా తన్నుకొచ్చింది. దీనమ్మ మిషను కుడుతుంది. నువ్వు కుడితే జాకెట్టుకి బుట్టచెయ్యి, అవి కుడితే మొగుడికి బుట్టబుగ్గ. అదీ లోపలే ఉండిపోయింది.

సాయంత్రం కిటికీలోంచి ఆయన మొదటిసారి పైకి చూశాడు. ఆకుల మధ్య, నిచ్చెనేస్తే అందే ఎత్తులో, బిందెంత గూడు వేలాడుతోంది. గోధుమరంగు, తెలుపు, బూడిదరంగు చారలు ఒకదాని కింద ఒకటి, అల వెనక అలలా. కిందవైపు రూపాయి బిళ్ళంత బెజ్జం. నడుంమీద పసుపుపట్టీ ఉన్న నల్లటి ఈగలు అందులోంచి బయటికొస్తున్నాయి, లోపలికెళుతున్నాయి. ఒక ఈగ ఎండిన వెదురు దడిమీద వాలి, దాన్ని గీకి నమిలి, ఆ ముద్దని మోసుకెళ్ళి గూటి అంచున పూసింది. ఆరగానే అది కాగితం. కాగితాల మీద ఇళ్ళు కట్టేవాళ్ళని ఆనందరావు ఆఫీసులో రోజూ చూస్తూనే ఉన్నాడు. కాగితంతో ఇల్లు కట్టడం చూడటం ఇదే మొదలు. చెవి సలుపుతున్నా ఆయన కిటికీ వదల్లేదు.

పక్కింటి వీరబాబు గోడమీదనుంచి సలహా ఇచ్చాడు. "వెదురుకి గుడ్డ చుట్టి కిరసనాయిలు పోసి అంటించేద్దామండి. రెండు నిమిషాల పని."

"ఆ కొమ్మ ఎవరి పాకమీదకి వంగుందో చూసి చెప్పు వీరబాబూ" అంది దీనమ్మ.

వీరబాబు చూశాడు. కొమ్మ ఆయన తాటాకు పాక మీదకే వంగి ఉంది. మేనెల తాటాకుకి నిప్పురవ్వ చాలు. గొంతు సవరించుకున్నాడు. "పోనీ మందు కొట్టేద్దాం."

"సోమవారం ఆ చెట్టుకిందే పిల్లలు కూర్చుంటారు. రాలిన కాయ రాలినట్టు తింటారు. మందా?"

"అయితే ఈ ఒక్క ఏడూ మానేయండి అక్కా. ఏటి పోద్ది?"

అరవై కాగితపు టోపీలు కుట్టి వరండాలో పేర్చి ఉన్నాయి. దీనమ్మ వాటివైపు చూసింది.

"ఒక ఏడు మానితే పై ఏడు సగంమంది రారు. ఆపైన నేను పిలవడమే మానేస్తాను. నన్ను నాకు తెలుసు" అంది.

ఆ మాట కిటికీ వెనకనుంచి ఆనందరావు విన్నాడు. నోరు బాగుంటే నవ్వించి తేలిగ్గా చేసేసేవాడు. నోరు లేకపోబట్టి ఆ మాట బరువు ఎంతో మొదటిసారి తెలిసింది.

అప్పుడొచ్చింది సత్యవతమ్మ. వీధి చివర కాలవ ఒడ్డున ఉంటుంది. అరవై దాటాయి, మనిషి సన్నగా తెడ్డులా ఉంటుంది. ఒకప్పుడు నడుంలోతు నీళ్ళలో నిలబడి చెరువులవాళ్ళకి రొయ్యపిల్లలు పట్టి ఇచ్చేది. రొయ్యపిల్లల్ని తొట్లలోనే పుట్టించే హేచరీలొచ్చాక ఆ కాలవ పిల్లల్ని కొనేవాళ్ళు లేరు. వల అటకెక్కింది.

"మైకు మూడు కూతలు కూసి ఆగిపోయిందేటా అని వచ్చాను" అని ఆనందరావు మొహం చూసింది. "ఇదా. బాబు మొహం చందమామైపోయింది."

"పిన్నిగారూ, ఏదైనా దారుందా?" అంది దీనమ్మ.

సత్యవతమ్మ పైకి చూసింది. చాలాసేపు చూసింది. "రేపు చెప్తాను" అని వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నే వచ్చి, చెట్టుకి దూరంగా పీటేసుకుని, తలమీద తడి తువ్వాలేసుకుని కూర్చుంది. అంతే. సాయంత్రందాకా ఇంకేం చెయ్యలేదు. దీనమ్మ మజ్జిగ ఇస్తే తాగింది. వీరబాబు గోడ దగ్గరకొచ్చి, "ఏటి పిన్నీ, కాపలా కాత్తన్నావా?" అని ఎకసెక్కమాడాడు.

"సూడకుండా వలేత్తే ఏటొత్తాది? బురదొత్తాది" అంది చూపు తిప్పకుండానే.

చీకటి పడేముందు లేచి చెప్పింది. పొద్దు వాలాక ఇంటికి చేరినవి మళ్ళీ బయటికి రావట. గుమ్మంలో ఒకటో రెండో కాపలా ఉంటాయట. తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడు వాటికి రెక్క బరువట. "చంపక్కర్లేదు. ఇంటితో సహా సాగనంపుదాం. రేపు తెల్లారకముందే వత్తాను. దీనమ్మా, నువ్వు నిచ్చెన పట్టుకో. బాబు వల సంచీ పట్టుకోవాలి."

ఆనందరావు తల అడ్డంగా ఊపాడు. చేతులతో వీరబాబు ఇంటివైపు చూపించాడు.

"ఆడు పొట్టోడు. నీ చెయ్యే అందుద్ది" అంది సత్యవతమ్మ, కొలత తీసుకున్న దర్జీలా.

ఆ రాత్రి ఆయన ఎన్ని సాకులు వెతుక్కున్నాడో ఆయనకే తెలుసు. నోరుంటే ఒక్కటైనా నెగ్గేదేమో. తెల్లారగట్ల లేచి చూస్తే దీనమ్మ నిచ్చెన దగ్గర నిలబడి ఉంది. చీర కొంగు తలచుట్టూ బిగించి, రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకుని. వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

తూర్పు ఇంకా బూడిదరంగులోనే ఉంది. సత్యవతమ్మ రొయ్యపిల్లల వలని నీళ్ళలో ముంచి తెచ్చింది. వల అంటే సంచీలా ఉంటుంది. దోమతెర కన్నా చిన్న కన్ను, ఆవగింజ జారదు. ఎడమచేతిలో కాలవ బంకమట్టి ముద్ద. చప్పుడు లేకుండా నిచ్చెనెక్కింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆగింది. గూటిముందు ఊపిరి బిగబట్టి, మట్టిముద్దని బెజ్జానికి అద్దింది. నొక్కలేదు. నిద్రపోయే పిల్ల నుదుటి మీద చెయ్యేసినట్టు ఆనించింది, అంతే. లోపల ఒక్కసారి రొద లేచి అణిగింది.

"ఇప్పుడు కిందనించి" అంది.

పైనుంచి వేస్తే చెదురుతాయి, కిందనుంచి ఎత్తితే తెలీదు. తడివల నెమ్మదిగా పైకి లేచి గూటిని మింగింది. ఆనందరావు నిచ్చెన పక్కన స్టూలెక్కి, రెండు చేతులూ చాచి సంచీ మూతి పట్టుకున్నాడు. సత్యవతమ్మ కొమ్మని రంపంతో కోయడం మొదలెట్టింది. రంపం రెండుసార్లు లాగడం, పది అంకెలు ఆగడం. లోపల రొద లేస్తే ఆపేసేది. అణిగాక మళ్ళీ లాగేది. ఆనందరావు చేతులు లాగేస్తున్నాయి. మణికట్టు దాకా ఆ రొద పాకింది, ఉడుకుతున్న కుండని పట్టుకున్నట్టుంది. వదిలేద్దామనిపించింది. కింద దీనమ్మ చూపు నిచ్చెన మీద కాదు, ఆయన చేతుల మీద ఉంది. వదల్లేదు.

కొమ్మ తెగి బరువంతా ఆయన చేతుల్లోకి వచ్చింది. సత్యవతమ్మ సంచీ మూతి తాడుతో మూడుచుట్లు చుట్టి ముడేసింది. "దించు" అంది.

కాలవ దాటించి మడ అడవిలో దింపారు. సత్యవతమ్మ పడవ తోసింది, ఆయన ఒళ్ళో సంచీ పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఒక మడచెట్టు చీలికలో కొమ్మని ఇరికించి కట్టి, వల విప్పి, పడవని దూరం జరిపి, తెడ్డు కొసతో ఆ మట్టిముద్దని రాల్చింది. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒకటి బయటికొచ్చి, గుమ్మం ముందు రెండు చుట్లు తిరిగి, మళ్ళీ లోపలికి పోయింది.

"ఇల్లు చూసుకుంది" అంది సత్యవతమ్మ. "కొన్ని బయటే ఉండిపోయుంటాయి. అవి రేపు పాత చోటికే వత్తాయి. చెయ్యెత్తకపోతే ఏం చెయ్యవు."

సోమవారం అరవై నలుగురొచ్చారు. సత్యవతమ్మ కూడా వచ్చి వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. దీనమ్మ పాట ఎత్తుకుంది. రెండో చరణంలో చప్పట్లు జోరందుకున్నాయో లేదో మూడు కందిరీగలు వచ్చి కోసిన కొమ్మ మొదలు చుట్టూ తిరగడం మొదలెట్టాయి. దీనమ్మ పాట ఆపేసింది. ఒక పిల్ల లేవబోయింది.

"లేవకండి" అంది సత్యవతమ్మ, గొంతు పెంచకుండా. "ఆటి ఇల్లు ఎతుక్కుంటున్నాయి. ఇక్కడ లేదని తెలిసేదాకా కదలకండి."

అరవై నలుగురూ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆపేశారు. టోపీల కింద కళ్ళు మాత్రం పైకి తిరిగాయి. ఆనందరావు వరండాలో స్తంభంలా నిలబడిపోయాడు. వాపు దిగింది, మాట వస్తోంది, మాట్లాడాలనిపించలేదు. ఈగలు కొమ్మ మొదలుని తాకాయి, వదిలాయి, మళ్ళీ తాకాయి. దీనమ్మ పెదవి కొరుక్కుంటూ ఒక్కొక్క పిల్లనీ చూస్తోంది. ఎవరూ కదల్లేదు.

ఈగలు లేచి, చెట్టుపైన ఒక పెద్ద చుట్టు తిరిగి, కాలవవైపు పోయాయి.

"ఇక పాడుకోండి" అంది సత్యవతమ్మ.

పిల్లలు వెంటనే పాడలేదు. ఆ మూడూ కాలవ దాటేదాకా చూసి, అప్పుడు ఆగిన చోటినుంచే అందుకున్నారు. దీనమ్మ గొంతు రెండు మాటలు ఆలస్యంగా వాళ్ళతో కలిసింది.