ఆశీర్వాదం గొంతు ఏ పద్యంలో ఉంది

నందిగామ బస్టాండు ఎదురుగా దేవరాజ్ క్యాసెట్ల కొట్టులో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఓ ఆట నడిచేది. దేవరాజ్ ఊళ్ళో చప్పుళ్ళన్నీ పట్టి, కంప్యూటర్లో వేసి, కోసి, సాగదీసి, తిరగేసి పాటలు కట్టేవాడు. పాటంటే పల్లవీ లేదు, చరణమూ లేదు. ఆ గోలలో ఏ చప్పుడు దాగుందో కనిపెట్టడమే ఆట.

అతను పట్టిన చప్పుడు ఇక అసలు దాంట్లో ఉండేది కాదు. పిండిమర తిరిగేది, మోత వచ్చేది కాదు. అది దేనిదో, ఎక్కడిదో ఎవరైనా సరిగ్గా చెప్పగానే తిరిగొచ్చేది. పట్టినవాడు చెబితే చెల్లదు. జనానికి ఇదంతా అలవాటే. గంట మోగని వారం బళ్ళో ఈల వేసి సరిపెట్టుకునేవాళ్ళు.

ఆ వేసవిలో దేవరాజ్ చెయ్యకూడని పని చేశాడు. అట్ట మీద రాత చెరిగిపోయిన పాత క్యాసెట్టులోంచి చిన్న ముక్క కోసి పాటలో దాచాడు. తెల్లారేసరికి వాళ్ళ నాన్న ఆశీర్వాదానికి గొంతు లేదు.

ఆశీర్వాదం పద్యనాటకాల్లో రాజు వేషం కట్టిన మనిషి. వన్స్‌మోర్ పడందే స్టేజీ దిగేవాడు కాదు. నాటకాలు పోయి ఇన్నేళ్ళయ్యాక విజయవాడ రేడియోవాళ్ళు పద్యాలు పాడమని పిలిచారు. సోమవారం వెళ్ళాలి. కొట్టుకి వచ్చిన ప్రతివాడూ అది ఆశీర్వాదం గొంతే అన్నాడు. అంత మాత్రం చాల్లేదు. ఏ ఊరో, ఏ పద్యమో, అందులో ఏ చోటో చెప్పాలి. అన్ని రాత్రుల్లో అది ఏ రాత్రో ఎవరికి గుర్తుంటుంది?

ఒక్కడికి ఉంటుంది. జగ్గయ్యపేట రామబ్రహ్మానికి. అప్పటి హార్మోనియం మేష్టారు ఆయన. వేదాద్రి తిరునాళ్ళలో ఆశీర్వాదం ఆలాపన ఎక్కడికో లాక్కుపోతే హార్మోనియం వెనకబడింది. జనం నవ్వారు. ఆనాటినుంచీ రామబ్రహ్మం అతనితో మాట్లాడలేదు, పేరు కూడా పలకలేదు. 'ఆ మనిషి' అనేవాడు, అంతే.

ఆదివారం పొద్దున్నే ఆశీర్వాదం భార్య ఫ్లోరెన్స్ జగ్గయ్యపేట బస్సెక్కింది.

"మీ తగువు మీ దగ్గరే ఉంచుకోండి మేష్టారూ. ఒక్కసారొచ్చి విని పొండి చాలు."

"వినడం వరకే," అన్నాడాయన. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

కొట్టులో ఎవరి వంకా చూడకుండా కూర్చున్నాడు. మూల స్టూలు మీద ఆశీర్వాదం. పాటలో మువ్వలు, లారీ బ్రేకు అయ్యాక, నాలుగింతలు సాగిన గొంతు వచ్చింది. రామబ్రహ్మం మొహం ఎర్రబడింది. మళ్ళీ వెయ్యమన్నాడు. విని, మళ్ళీ వెయ్యమన్నాడు.

సాగదీస్తే తప్ప తెలియనిది అక్కడొకటి ఉంది. ఆలాపన ఓ స్వరం మీద ఆగింది. ఊపిరి కోసం కాదు, ఆ మనిషి ఊపిరి ఎక్కడ తీస్తాడో ఆయనకు తెలుసు. హార్మోనియం వచ్చి కలుస్తుందని ఆగింది. అప్పటికే రోషంతో హార్మోనియం మెట్ల మీంచి చేతులు తీసేసింది తనే.

ఫ్లోరెన్స్ కొంగు నలుపుతూ నిలబడింది. రామబ్రహ్మం పాట ఆపమని చెయ్యెత్తాడు.

"వేదాద్రి. మూడో రంగం, రెండో పద్యం, ఆఖరి పాదం మీద ఆలాపన."

ఆశీర్వాదం నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

"ఎవరిదో కూడా చెప్పాలండి," అన్నాడు దేవరాజ్ మెల్లగా.

రామబ్రహ్మం కండువా తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

"ఆశీర్వాదానిది. శ్రుతి కాస్త దిగింది. అయినా అతనిదే."

మూల నుంచి దగ్గు వినిపించింది.

"శ్రుతి దిగలేదు మేష్టారూ. మీ చెవికి వయసొచ్చింది."

కొట్టంతా నవ్వారు. రామబ్రహ్మం లేచి వెళ్ళిపోలేదు. టీ చెప్పమన్నాడు, చక్కెర తక్కువగా.

సోమవారం జగ్గయ్యపేటలో బయల్దేరిన విజయవాడ బస్సు చిల్లకల్లులోనే నిండిపోయింది. ముందు సీట్లో రామబ్రహ్మం ఒళ్ళో హార్మోనియం పెట్టుకుని, పక్కన కండువా పరిచి కూర్చున్నాడు. ఇక్కడెవరండీ అని అడిగిన ప్రతివాళ్ళకీ నందిగామ దాకా విసుక్కోకుండా పేరు చెబుతూనే ఉన్నాడు.