ఆ మాట ఎవరికి చేరింది

కలోలైనె తోట పనివాళ్ల ఆప్‌లో ఆ పచ్చ బటన్ నొక్కింది ఉదయం పదిన్నరకి. పదకొండు దాటగానే మేస్త్రీ బ్రెంట్ హారిగన్ ద్రాక్ష వరస చివర నిలబడి, ఫోన్ ముఖానికెదురుగా పట్టుకుని, ఆమె రాసిన మాటలు అందరికీ వినపడేలా చదివాడు.

"మేము స్నానం చేసే షెడ్డులోకి మేస్త్రీ చెప్పకుండా వస్తున్నాడు. నీళ్లు చూడటానికి అంటాడు. మూడుసార్లు వచ్చాడు. మాకు భయంగా ఉంది." చదవడం ముగించి, "స్పెల్లింగులు కూడా రావు దీనికి" అన్నాడు.

మగవాళ్లలో కొందరు నవ్వారు. తక్కినవాళ్లు చేతుల్లో కత్తెరల వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ బటన్ కింద 'మీ మాట గోప్యంగా ఉంటుంది' అని రాసి ఉంది. ఇంగ్లీషులోనూ టోంగా భాషలోనూ రాసి ఉంది. మర్నాడు కంట్రాక్టరు వ్యాను వచ్చి కలోలైనెను ఆస్ట్రేలియాలోని రాబిన్‌వేల్ నుంచి విమానాశ్రయానికి తీసుకుపోయింది. కాగితంలో 'పనికి తగదు' అని ఉంది. తొమ్మిది నెలల వీసా మీద వచ్చిన పిల్ల పదకొండో వారానికి తిరిగి టోంగాలోని వవావు దీవిలో ఇంటి గుమ్మం ముందు దిగింది.

ఆ బటన్ గీసింది ఆమె పెదనాన్న కూతురు మెలెనైటె. తొమ్మిదేళ్ల వయసులో టోంగా నుంచి మెల్‌బోర్న్ వచ్చి, అక్కడే చదువుకుని, తోట పనివాళ్ల కోసం ఆప్ తయారుచేసే కంపెనీలో తెరలు గీసే ఉద్యోగం చేస్తోంది. ఎవరు ఎన్ని బుట్టలు కోశారు, రేపు ఏ తోటకు వెళ్లాలి, అన్నీ అందులోనే ఉంటాయి. పచ్చరంగు ఆమె ఎంచుకున్నదే. పక్కన చిన్న ఆకు బొమ్మ కూడా ఆమెదే.

"నీ ఆప్ కదా అని నొక్కానక్కా," అంది కలోలైనె ఫోన్లో. ఏడవడం లేదు. అది మెలెనైటెకు ఇంకా కష్టంగా ఉంది. "గదిలో అందరూ వద్దన్నారు. మా అక్క గీసింది, ఏం కాదు అని నేనే వాళ్లకి నచ్చజెప్పాను."

మెలెనైటెకు ఒక మీటింగ్ గుర్తుంది. ఏడాదిన్నర కిందటిది. "ఈ బటన్ నొక్కితే మాట ఎవరికి చేరుతుంది?" అని అడిగింది తను. ఆప్ వ్యవహారమంతా చూసే డంకన్ రీస్ తల ఎత్తకుండా, "తోట పెద్దకి" అన్నాడు. "తోట పెద్ద అంటే మేస్త్రీయే కదా?" అంది. "అది కంట్రాక్టరు ఇష్టం. డబ్బిచ్చేది వాళ్లు. రెండో విడతలో చూద్దాం" అన్నాడు. ఆమె ఆ మాట మీటింగ్ కాగితాల్లో రాసుకుంది. రాసుకున్నాక తన పని అయిపోయిందనుకుని, ఆకు బొమ్మకు రంగు వేసింది.

ఇప్పుడు డంకన్ గదిలోకి వెళ్లి జరిగినదంతా చెప్పింది. అతను కుర్చీలో వెనక్కి వాలి శ్రద్ధగానే విన్నాడు.

"చాలా బాధాకరం. నిజంగా. కానీ మెలె, ఇంటి విషయాలు పనిలోకి తేకు."

"బ్రెంట్ మీద ఫిర్యాదు బ్రెంట్‌కే వెళ్లింది. ఇది ఇంటి విషయమా?"

"రెండో విడత అన్నాను కదా."

"రెండో విడత ఎప్పుడు?"

"మిల్‌డూరా ప్రదర్శన అయ్యాక మాట్లాడుకుందాం," అంటూ తలుపు వైపు చూశాడు.

ఆమె బయటికి నడిచింది. తన బల్ల దగ్గరికి వచ్చి ఆ ఏడాది పచ్చ బటన్ నొక్కినవాళ్ల లెక్క తీసింది. రెండువందల పద్నాలుగు మాటలు. ఒక్కటి మిగలకుండా అన్నీ ఏ మేస్త్రీ మీద రాశారో ఆ మేస్త్రీల ఫోన్లకే వెళ్లాయి.

ఏ మాట ఏ ఫోన్‌కు వెళ్లాలో చెప్పే జాబితాను మార్చే అనుమతి ఆమెకుంది. మరో పదకొండు రోజుల్లో మిల్‌డూరాలో తోటల యజమానుల ముందు, పళ్లు కొనే పెద్ద దుకాణాల వాళ్ల ముందు డంకన్ తన ఫోన్‌ను పెద్ద తెరకు కలిపి ఆప్ చూపించబోతున్నాడు. ఆ రెండువందల పద్నాలుగూ ఆ క్షణాన అతని ఫోన్లో తెరుచుకోవాలి. మూసే గుర్తు ఉండకూడదు. 'తర్వాత చూస్తాను' అనే మాట తెల్లటి తెర మీద దాదాపు తెల్లటి అక్షరాల్లో ఉండాలి. చివరిదాకా చదివితే తప్ప కదలకూడదు. ఈ విద్యలన్నీ డంకనే నేర్పాడు. పనివాళ్లు ఓవర్‌టైం వద్దనకుండా ఉండటానికి ఆ 'వద్దు' బటన్‌ను అలాగే మాయం చేయించాడు. అప్పుడు దాన్ని గీసిన చేతులు కూడా ఆమెవే.

రెండు రోజుల్లో తెర తయారైంది. చాలా కాలంగా ఏ పనీ ఆమెకు అంత ఇష్టంగా చేయాలనిపించలేదు.

ఆదివారం రాబిన్‌వేల్ వెళ్లింది, మేనత్తకు చెప్పడానికి. తొవాకసే అత్తకు యాభై ఆరేళ్లు. ఏడేళ్లుగా అదే తోటలో ద్రాక్ష కోస్తోంది. వాళ్ల ఇంట్లో పెళ్లయినా చావయినా మేనత్త కూర్చున్నాకే తక్కినవాళ్లు కూర్చుంటారు. తోటలో మాత్రం ఆమె ఒక నంబరు. చర్చి అయిపోయి, ఆడవాళ్లంతా షెడ్డు వెనక చేమ ఆకుల్లో మాంసం చుడుతున్నారు. మెలెనైటె అత్త పక్కన చాప మీద కూర్చుని తన పథకమంతా చెప్పింది. మెచ్చుకుంటుందనుకుంది.

అత్త ఆకు మడిచి పక్కన పెట్టింది.

"ఆ మాటల కింద మా పేర్లు ఉంటాయా?"

"ఉంటాయి. నిజమని తెలియాలి కదత్తా."

"మమ్మల్ని అడిగావా?"

మెలెనైటె ఫోన్ తిప్పి చాప మీద బోర్లా పెట్టింది.

"మాతో ద్రాక్ష కోసే ఫినె ఏం రాసిందో నీకు తెలుసా? ఫినె మొగుడికి తెలియదు. నువ్వు చదివేశావు. రేపు ఊరంతా చదువుతుంది." అత్త గొంతు పెంచలేదు. "బ్రెంట్‌గాడు కూడా అడగకుండానే చదివాడు."

"నేను వాడిలాంటిదాన్నా?"

"నీ చేతిలో మీట ఉంది, మా చేతిలో లేదు. నేను అంటున్నది అంతే. మమ్మల్ని కర్రగా పట్టుకుని వాళ్లని కొట్టకు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆకులు చుట్టడం ఆపి వింటున్నారు. మెలెనైటె చెవుల దాకా ఎర్రబడింది. తిరిగి వెళ్లిపోదామని లేవబోయింది.

"కూర్చో. కొట్టొద్దనలేదు," అంది అత్త. "కొట్టాల్సిందే. ఎవరి మాట వాళ్లు చెప్తారు, విను."

ఆ సాయంత్రం ఎండ వాలేదాకా ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఆ తోటలో బటన్ నొక్కిన ఆడవాళ్లు కలోలైనెతో కలిపి పదిమంది. తను రాసింది తన ముందే చెరిపేయమంది ఫినె. మెలెనైటె చెరిపేసింది. ఇద్దరు పేర్లు తీసేయమన్నారు. ఒకామె రాసింది మళ్లీ చదువుకుని, "ఇది మెత్తగా ఉంది, గట్టిగా మార్చు" అని కొత్తగా చెప్పి రాయించింది. తొవాకసే అత్త తన పేరుతో పాటు తండ్రి పేరు, ఊరి పేరు కూడా పెట్టమంది. వవావుకు ఫోన్ చేశారు.

"నా పేరు పెట్టు," అంది కలోలైనె. "వాడు ఒకసారి చదివాడుగా. ఇంకోసారి చదవనీ."

అడగడానికి వీలుపడని తక్కిన తోటలవాళ్ల మాటలు వదిలేసి, వాటి సంఖ్య మాత్రం ఉంచింది. చివరికి తొమ్మిది మిగిలాయి.

"మధ్యాహ్నం భోజనాలు ఎవరివి, ఆ ప్రదర్శన హాల్లో?" అని అడిగింది అత్త.

"తెలియదు."

"మావే. వంట మా చర్చివాళ్లకే ఒప్పజెప్పారు," అంది. ఆడవాళ్లు మొదటిసారి నవ్వారు.

ప్రదర్శన రోజు హాల్లో నూట యాభై మంది దాకా ఉన్నారు. డంకన్ ఇస్త్రీ చొక్కాలో హుషారుగా ఉన్నాడు. పనివాళ్లను గౌరవించడం తమ కంపెనీకి ప్రాణమని చెప్పి, ఫోన్ తీసి, "ఇదిగో మా పచ్చ బటన్" అని నొక్కాడు.

వెనక తెర నిండిపోయింది. పైన పెద్ద అక్షరాల్లో ఉంది: ఈ ఏడాది రెండువందల పద్నాలుగుమంది ఇది నొక్కారు. అన్నీ మేస్త్రీలకే చేరాయి. వీరిలో తొమ్మిదిమంది మీకు చూపించమన్నారు.

డంకన్ వేలితో పక్కకు తోశాడు. కదల్లేదు. మూల కోసం వెతికాడు. మూలలో ఏమీ లేదు. మొదటి మాట కలోలైనెది. హాలు మొత్తం అది చదివేసింది.

"చిన్న సాంకేతిక లోపం," అన్నాడు.

"మూసేయండి మరి," అంది ముందు వరసలోంచి ఒక దుకాణం తరఫున వచ్చిన పెద్దావిడ. ఆమె పేరు హిలరీ.

"మూయడం రావడం లేదు."

మెలెనైటె లేచి నిలబడింది. "లోపం కాదండీ. ఇది నేను మార్చాను. మూయకుండా పట్టి ఉంచే పద్ధతి డంకన్‌దే. పోయినేడు పనివాళ్ల ఫోన్లలో పెట్టడానికి నా చేత గీయించాడు. ఇప్పుడూ వాళ్ల ఫోన్లలో ఉంది."

హిలరీ డంకన్ వైపు తిరిగింది. "ఇవి మేస్త్రీలకు వెళ్లాయన్నది నిజమేనా?"

"ఆ ఏర్పాటు కంట్రాక్టర్లు..."

"అవునా, కాదా?"

"అవును."

అప్పటికి వంటగది తలుపు తెరుచుకుంది. ఆడవాళ్లు బయటికి వచ్చారు. ఏప్రన్లు విప్పేసి, పెద్దల ముందుకు వెళ్లేటప్పుడు కట్టే తావోవాల చాపలు నడుముకు చుట్టుకున్నారు. తొవాకసే అత్త, తన యజమానితో వచ్చి గోడ పక్కన నిలబడ్డ బ్రెంట్ హారిగన్ ముందుకు వెళ్లింది. అతని చేతిలో సగం తిన్న పఫ్ ఉంది.

"ఆ రోజు తోటలో చదివావుగా, నీ గొంతు బాగుంటుంది," అంది. "ఇదీ చదువు. వెనక ఉన్నవాళ్లకి కనపడటం లేదట."

"నేనెందుకు చదవాలి?"

"చదవండి," అంది హిలరీ.

తన యజమాని ముఖం చూశాడు బ్రెంట్. యజమాని నేల చూస్తున్నాడు. పఫ్ ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది అత్తది. తండ్రి పేరు, ఊరి పేరు పలకలేక తడబడ్డాడు. అత్త ఆపి, ఎలా పలకాలో చెప్పి, మళ్లీ మొదటినుంచి చదివించింది. ఎవరూ నవ్వలేదు. తొమ్మిదీ అయ్యేసరికి అతని చొక్కా వీపు తడిసిపోయింది. మెలెనైటె ఆ తడి వైపే చూస్తూ నిలబడింది. కళ్లు తిప్పుకోవాలనిపించలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం పోయింది. తర్వాత కంపెనీ లాయరు నుంచి ఉత్తరం వచ్చింది, కొన్ని నెలలకు అదీ చల్లారింది. బ్రెంట్‌ను వారంలో తీసేశారు. కంట్రాక్టరు ఆ తోట పనిని పోగొట్టుకున్నాడు. కానీ కంట్రాక్టరు మనుషులు పోతూపోతూ రాయని ఆడవాళ్లను కూడా పిలిచి గుచ్చిగుచ్చి అడిగారు. రాసింది చెరిపించుకున్న ఫినెను కూడా అడిగారు. మొగుడికి అనుమానం వచ్చింది. వాళ్లిద్దరూ ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు. డంకన్ సంగతిలో మెలెనైటెకు చింత లేదు. ఫినె సంగతి మాత్రం ఆమెను వదలదు.

శీతాకాలంలో వేరే కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. డంకన్ అక్కడ పెద్ద పదవికి ప్రయత్నిస్తున్నాడట. అతనితో పనిచేసినవాళ్లను విచారిస్తున్నారట. మెలెనైటె నలభై నిమిషాలు మాట్లాడింది. మీటింగు తేదీ చెప్పింది, 'రెండో విడత' అన్న మాట చెప్పింది. తను కూడా గీసి, నోరు మూసుకున్నానని చెప్పింది. అతనికి ఆ పదవి రాలేదు.

ఆ ఆదివారం అత్తకు ఫోన్ చేసి చెప్పింది.

"పాపం అనిపించిందా?"

"లేదత్తా. ఒక్క రవ్వ కూడా లేదు."

"నువ్వు చెప్పావని వాడికి తెలుసా?"

"తెలియదు. అలాంటివి ఎవరు చెప్పారో చెప్పరు."

"అయితే నువ్వే చెప్పు," అంది అత్త. "మనం ఎదురుగా కొడతాం."

ఫోన్ పెట్టేసి మెలెనైటె డంకన్‌కు రాసింది. తనను అడిగారని, ఏమేం చెప్పిందో అదంతా రాసి, ఇందులో అబద్ధముంటే చెప్పమంది. కింద తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు పెట్టింది. అతను చదివినట్టు నాలుగు నిమిషాల్లో గుర్తు పడింది. జవాబు రాలేదు. అబద్ధమనడానికి అతనికి ఏమీ దొరకలేదని ఆమె సంతోషపడింది.